విజువల్ ప్రోగ్రామింగ్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఆఫ్‌స్క్రీన్ రెండరింగ్, టెక్స్చర్ల నిర్వహణ: సమగ్ర మార్గదర్శి

టచ్‌డిజైనర్, ప్యూర్ డేటాలోని జెమ్, మ్యాక్స్‌లోని జిట్టర్, వీవీవీవీ వంటి సాఫ్ట్‌వేర్లలో నోడ్లను, అంటే ఒక్కో పని చేసే పెట్టెలను, పరచి తీగలతో కలిపితే బొమ్మ తయారవుతుంది. వాడేవారి కంటికి ఒక పెట్టెలోని బొమ్మ తీగ గుండా పక్క పెట్టెలోకి వెళ్లినట్టే కనిపిస్తుంది. లోపల జరిగేది వేరు. ప్రతి నోడూ తెరకు సంబంధం లేని ఒక టెక్స్చర్‌లోకి, అంటే గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఉండే బొమ్మలోకి, గీస్తుంది, తరువాతి నోడు ఆ టెక్స్చర్‌ను చదివి మరో టెక్స్చర్‌లోకి గీస్తుంది, అలా వరుసగా సాగి చిట్టచివరిది ఒక్కటే తెర మీదికి వస్తుంది. ఇలా తెర వెనుక గీయడమే ఆఫ్‌స్క్రీన్ రెండరింగ్. అలాంటి సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రూపొందించేవారికీ, ఉన్నదానికి కొత్త నోడ్లు రాసేవారికీ ఈ వ్యాసం ఉద్దేశించినది.

షేడర్లు, అంటే గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు, రాయడం ఇందులో సులువైన భాగమే. కష్టమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: తీగలో వచ్చిన టెక్స్చర్ ఎవరిది, అది ఎంతసేపు చెల్లుతుంది? ఈ ప్రశ్నకు మొదట్లోనే స్పష్టమైన జవాబు రాసిపెట్టుకుంటే మెమరీ, వేగం, ఫీడ్‌బ్యాక్, ప్రివ్యూలు అన్నీ ఆ జవాబునుంచే తేలతాయి. రాసుకోకపోతే ప్రతి కొత్త నోడూ తన సొంత నియమాన్ని పెట్టుకుంటుంది. ఉదాహరణలు గ్రాఫిక్స్ కార్డు చేత గీయించే ఓపెన్‌జీఎల్ అనే ప్రోగ్రామింగ్ ప్రమాణపు పరిభాషలో ఇస్తున్నాను. అలాంటివే అయిన డైరెక్ట్3డీ, మెటల్, వల్కన్‌లలో పేర్లు మారతాయి గానీ సమస్యలు చాలావరకు ఇవే.

మొదటి అడుగు: తీగలో ఏం నడవాలో తేల్చుకోవడం

జెమ్‌లో జెమ్‌హెడ్ అనే ఆబ్జెక్టు నుంచి మొదలయ్యే తీగలో నడిచేది ప్రధానంగా గీయమనే ఆజ్ఞ. పిక్స్ అనే మాటతో పేరు మొదలయ్యే ఆబ్జెక్టుల్లో చాలావరకు ప్రధాన మెమరీలోని పిక్సెళ్ల మీద పనిచేస్తాయి. పిక్స్_టెక్స్చర్ దగ్గర ఆ పిక్సెళ్లు గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కుతాయి. టచ్‌డిజైనర్‌లో టాప్ (బొమ్మల మీద పనిచేసే నోడ్ల) కుటుంబానికి చెందిన తీగల్లో నడిచేవి మొదటినుంచీ గ్రాఫిక్స్ కార్డులోని టెక్స్చర్లే. ఈ రెండు పద్ధతుల్లో రెండవది కొత్తగా మొదలుపెట్టేవారికి మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రధాన మెమరీకీ గ్రాఫిక్స్ మెమరీకీ మధ్య రాకపోకలు ఎక్కడ జరుగుతున్నాయో తీగ రంగును బట్టే వాడేవారికి తెలిసిపోతుంది.

అయితే తీగలో టెక్స్చర్ సంఖ్యను మాత్రమే పంపితే చాలదు. ఆ సంఖ్యతోపాటు వెడల్పు, ఎత్తు, ఫార్మాట్, అది మామూలు రెండు కొలతల టెక్స్చరా రెక్టాంగిల్ రకమా, రంగులు లీనియర్‌గా (కాంతి పరిమాణానికి అనులోమంగా) ఉన్నాయా ఎస్‌ఆర్‌జీబీ (తెరలకు తగినట్టు మార్చిన) రూపంలో ఉన్నాయా, ఆల్ఫా (పిక్సెల్ ఎంత అపారదర్శకమో చెప్పే విలువ) ముందే రంగుతో గుణించి ఉందా లేదా, బొమ్మ పైవరుస ఎటువైపు ఉంది, ఏ ఫ్రేములో తయారైంది అనే సమాచారమంతా ఒక చిన్న స్ట్రక్చర్‌గా వెళ్లాలి. రెక్టాంగిల్ రకం టెక్స్చర్లకు అక్షాంకాలు 0 నుంచి 1 దాకా కాక పిక్సెళ్లలో ఉంటాయి, మిప్‌మ్యాప్‌లు (అదే బొమ్మకు ముందే చేసిపెట్టిన చిన్న నకళ్లు) ఉండవు, పునరావృత చుట్టుడు (అంచు దాటితే బొమ్మ మళ్లీ మొదలవడం) పనిచేయదు. కాబట్టి ఆ సంగతి తెలియని షేడర్ బొమ్మంతటికీ మూలనున్న ఒకే పిక్సెల్‌ను సాగదీసి చూపిస్తుంది. పాత పరికరాల కోసం తప్ప ఈ రకాన్ని మీ వ్యవస్థలోకి రానివ్వకపోవడమే మంచిది. ఏ కొలతకైనా టెక్స్చర్ చేసే సౌకర్యం 2004లో ఓపెన్‌జీఎల్ 2.0తోనే వచ్చింది.

ఇక నియమం. టెక్స్చర్‌ను తయారుచేసిన నోడే దాని యజమాని. అందుకున్న నోడు చదవవచ్చు, దాని మీద గీయకూడదు, దాని ఫిల్టర్ అమరికలను కూడా మార్చకూడదు. అందుకున్న టెక్స్చర్ ఆ ఫ్రేము ముగిసేదాకా మాత్రమే చెల్లుతుంది. అంతకు మించి కావాలనుకున్న నోడు దానిని పట్టి ఉంచమని స్పష్టంగా అడగాలి, అవసరం తీరాక విడిచిపెట్టాలి. ఫిల్టర్ అమరికల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఒకే టెక్స్చర్ మూడు నోడ్లకు వెళ్తున్నప్పుడు ఒక నోడు దానిని నియరెస్ట్‌గా (దగ్గరి పిక్సెల్‌నే తీసుకునేలా) మారిస్తే మిగతా రెండింటిలోనూ బొమ్మ గళ్లుగళ్లుగా మారిపోతుంది, కారణం ఎంత వెదికినా ఆ రెండు నోడ్లలో దొరకదు. ఫిల్టర్, చుట్టుడు అమరికలను టెక్స్చర్‌కు కాక ఎలా చదవాలో విడిగా గుర్తుంచుకునే శాంప్లర్ ఆబ్జెక్టుకు అప్పగిస్తే ఈ చిక్కు పుట్టదు.

రెండవ అడుగు: గమ్యాన్ని కట్టడం

గీసినది తెరకు కాక టెక్స్చర్‌కు చేరేలా చేసే ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్టు 2005లో ఎక్స్‌టెన్షన్‌గా (ఐచ్ఛికమైన అదనపు సౌకర్యంగా) వచ్చి, 2008లో ఓపెన్‌జీఎల్ 3.0లో అంతర్భాగమైంది. అంతకు ముందు పీబఫర్లనే పాతతరహా ఆఫ్‌స్క్రీన్ బఫర్లతోనో, కిటికీలోకి గీసి దానిని టెక్స్చర్‌లోకి నకలు తీయడంతోనో పని నడిపించేవారు. పాత సాఫ్ట్‌వేర్ కోడ్‌లో ఆ జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి; వాటిని అనుసరించనవసరం లేదు.

టెక్స్చర్‌ను ఓపెన్‌జీఎల్ 4.2 నుంచి ఉన్న స్థిర నిల్వ పద్ధతిలో, అంటే కొలతలూ ఫార్మాటూ ఒక్కసారే ఖరారయ్యేలా సృష్టించండి. కొలత మారాలంటే పాతదానిని వదిలేసి కొత్తది తీసుకోవాలి. పాత పద్ధతిలో సృష్టించిన టెక్స్చర్‌కు చిన్నదిచేసే ఫిల్టర్ అప్రమేయంగా (డిఫాల్ట్‌గా) మిప్‌మ్యాప్‌లను ఆశిస్తుంది. అవి లేకపోతే ఆ టెక్స్చర్ అసంపూర్ణమై, చదివిన షేడర్‌కు నల్లటి రంగే ఇస్తుంది. ఏ దోషమూ నివేదించకుండా నల్లటి తెర వచ్చిందంటే మొదట చూడవలసిన చోటు ఇదే. స్థిర నిల్వ పద్ధతిలో ఒకే స్థాయి అడిగితే ఆ బాధ లేదు.

టెక్స్చర్‌ను ఫ్రేమ్‌బఫర్‌కు తగిలించాక అది సంపూర్ణంగా ఉందో లేదో ఒకసారి అడిగి తెలుసుకోండి, ప్రతి ఫ్రేములోనూ కాదు. త్రిమితీయ దృశ్యం గీసే నోడుకు ఏది ముందుందో ఏది వెనకుందో గుర్తుంచుకునే లోతు బఫర్ కావాలి. ఆ లోతును తరువాత ఎవరూ చదవనట్టయితే టెక్స్చర్‌కు బదులు, గీయడానికే తప్ప షేడర్‌లో చదవడానికి పనికిరాని రెండర్‌బఫర్ చాలు. బొమ్మల మీద పనిచేసే నోడ్లకు లోతు బఫరే అక్కరలేదు. ఇంకొక సంగతి: రెండు కాంటెక్స్టుల (వేర్వేరు ఓపెన్‌జీఎల్ స్థితుల) మధ్య టెక్స్చర్లను పంచుకోవచ్చు గానీ ఫ్రేమ్‌బఫర్ ఆబ్జెక్టులను పంచుకోలేరు. కాబట్టి ఫ్రేమ్‌బఫర్‌ను తీగలో ఎప్పుడూ పంపకండి, అది నోడు లోపలి వ్యవహారంగానే ఉండాలి.

గీసే ముందు వ్యూపోర్టు (గీసే చోటు), సిజర్ (కత్తిరింపు హద్దు), బ్లెండింగ్ (రంగులు కలిపే సూత్రం), ప్రస్తుత ఫ్రేమ్‌బఫర్ ఏవో గుర్తుంచుకుని, గీశాక యథాస్థితికి తేవాలి. ఇక్కడ చాలామంది సున్నా సంఖ్య గల ఫ్రేమ్‌బఫర్‌కు తిరిగి వెళ్తారు. కిటికీలు, బటన్లు కట్టే క్యూటీ లైబ్రరీలోని ఓపెన్‌జీఎల్ విడ్జెట్ లాంటివాటిలో తెరగా కనిపించేదే ఒక ఆఫ్‌స్క్రీన్ ఫ్రేమ్‌బఫర్, దాని సంఖ్య సున్నా కాదు. సున్నాకు వెళ్తే బొమ్మ ఎక్కడికో పోతుంది, విడ్జెట్ ఖాళీగా ఉంటుంది. అందుకని ముందున్న సంఖ్యకే తిరిగి వెళ్లండి. ఇంకా మేలైన మార్గం ఏమిటంటే, ఈ పనిని నోడ్లకే వదలకుండా, వాటన్నిటినీ నడిపించే ఇంజినే ప్రతి నోడుకూ శుభ్రమైన స్థితిని అమర్చి ఇవ్వడం. బయటివారు రాసే నోడ్లు యథాస్థితిని కాపాడతాయని నమ్మడం కష్టం.

మూడవ అడుగు: ఫార్మాట్ ఎంపిక

1920×1080 బొమ్మలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. నాలుగు చానళ్లకు ఒక్కొక్కదానికి 8 బిట్లు ఇస్తే 82,94,400 బైట్లు, 16 బిట్ల ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అయితే 1,65,88,800 బైట్లు, 32 బిట్ల ఫ్లోట్ అయితే 3,31,77,600 బైట్లు అవుతాయి. మిప్‌మ్యాప్‌లు అడిగితే దీనికి మూడోవంతు అదనం. 3840×2160కు వెళ్తే అన్నీ నాలుగింతలు. మెమరీ కంటే ముందు ఇబ్బంది పెట్టేది దానిని చదివి రాసే వేగం: సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.67 మిల్లీసెకన్లే, అందులో గొలుసులోని ప్రతి నోడూ ఆ బైట్లన్నిటినీ ఒకసారి చదివి ఒకసారి రాయాలి.

నా సలహా ఏమిటంటే నోడ్ల మధ్య నడిచేవాటికి 16 బిట్ల ఫ్లోట్‌ను అప్రమేయంగా ఉంచి, 8 బిట్లను చివరి తెరకూ, ఫైళ్లనుంచి వచ్చిన బొమ్మలకూ పరిమితం చేయడం. 32 బిట్లు కావలసింది టెక్స్చర్‌లో రంగులకు బదులు స్థానాలు, వేగాలు లాంటి అంకెలు దాచినప్పుడు. 16 బిట్ల ఫ్లోట్ 2048 వరకే అన్ని పూర్ణాంకాలనూ కచ్చితంగా పట్టగలదు. కాబట్టి 3840 వెడల్పు గల బొమ్మలో పిక్సెల్ అక్షాంకాలను దానిలో దాస్తే దాదాపు కుడి సగంలో కణాలు రెండేసి పిక్సెళ్లకు ఒకసారి గెంతుతూ కనిపిస్తాయి. బ్రౌజర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ అయితే మరో జాగ్రత్త అవసరం. వెబ్‌జీఎల్ 2లో ఫ్లోట్ టెక్స్చర్‌లోకి గీయడానికి ఒక ఎక్స్‌టెన్షన్, 32 బిట్ల ఫ్లోట్‌ను లీనియర్ ఫిల్టర్‌తో చదవడానికి మరొక ఎక్స్‌టెన్షన్ ఉండాలి, రెండూ అన్ని పరికరాల్లోనూ దొరకవు.

నాలుగవ అడుగు: లెక్కింపు క్రమం, టెక్స్చర్ల కొలను

ఫ్రేము మొదలవగానే చివరి నోడునుంచి వెనక్కి అడుగుతూ పోయే లాగుడు పద్ధతిని ఎంచుకోండి. తెరకు చేరని కొమ్మలు దీనిలో లెక్కకే రావు, అది పెద్ద ఆదా. ఒక నోడు ఫలితాన్ని ముగ్గురు అడిగినా లెక్క ఒక్కసారే జరగడానికి ప్రతి ఫలితం మీదా ఫ్రేము సంఖ్య ముద్రించి ఉండాలి. జెమ్‌లో ఈ క్రమం వాడేవారి చేతిలో ఉంటుంది: జెమ్‌హెడ్‌కు ఇచ్చే ప్రాధాన్య సంఖ్య ఎంత చిన్నదైతే ఆ గొలుసు అంత ముందు గీయబడుతుంది, ఏమీ ఇవ్వకపోతే 50 అని అర్థం. అందుకే జెమ్‌ఫ్రేమ్‌బఫర్‌లోకి గీసే గొలుసుకు చిన్న సంఖ్య ఇవ్వాలి, లేకపోతే దానిని చదివే గొలుసుకు గత ఫ్రేము బొమ్మ అందుతుంది. తీగలే క్రమాన్ని నిర్ణయించే వ్యవస్థలో ఈ బాధ్యత ఇంజినుది.

ఇప్పుడు మెమరీ. పన్నెండు నోడ్ల సూటి గొలుసు 1920×1080లో 16 బిట్ల ఫ్లోట్‌తో నడుస్తోందనుకోండి. ప్రతి నోడుకూ సొంత టెక్స్చర్ ఉంటే మొత్తం దాదాపు 199 మెగాబైట్లు. కానీ అయిదవ నోడు గీస్తున్నప్పుడు కావలసింది నాలుగవదాని ఫలితం ఒక్కటే; మొదటి మూడింటి ఫలితాలతో ఎవరికీ పనిలేదు. కాబట్టి ఒకే కొలత, ఒకే ఫార్మాట్ ఉన్న టెక్స్చర్లను ఒక కొలనులో ఉంచి, కావలసినప్పుడు తీసుకుని, ఆఖరి పాఠకుడి పని ముగియగానే తిరిగి వేస్తే సూటి గొలుసుకు రెండే టెక్స్చర్లు, అంటే సుమారు 33 మెగాబైట్లు సరిపోతాయి. ఆఖరి పాఠకుడు ఎవరో తెలియాలంటే క్రమం ముందే ఖరారు కావాలి. ఫ్రేము మొదట్లో నోడ్లను వరుసలో పెట్టి, ప్రతి ఫలితానికీ ఎందరు పాఠకులున్నారో లెక్కపెట్టి, చదివిన ప్రతిసారీ ఒకటి తగ్గిస్తూ సున్నాకు చేరగానే కొలనులో వేయాలి. వల్కన్‌లో రాస్తున్నట్టయితే కొలనునుంచి పూర్తిగా తొలగించే ముందు గ్రాఫిక్స్ కార్డు ఆ టెక్స్చర్‌తో పని ముగించిందని ఫెన్స్ (పని ఎంతవరకు పూర్తయిందో తెలిపే గుర్తు) ద్వారా నిర్ధారించుకోవాలి. ఓపెన్‌జీఎల్‌లో ఆ పని డ్రైవరే చూసుకుంటుంది.

ఇంతవరకు బాగానే ఉంది గానీ, ఇక్కడే రెండు మంచి ఆలోచనలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. మారని నోడును మళ్లీ లెక్కించకూడదన్నది ఒకటి. దానికి పాత ఫలితం నిలవ ఉండాలి. ఫలితాన్ని వెంటనే కొలనుకు తిరిగి ఇవ్వాలన్నది మరొకటి. అన్నీ నిలవచేస్తే 199 మెగాబైట్ల దగ్గరికే తిరిగి వస్తాం, ఏదీ నిలవచేయకపోతే కదలని నిశ్చల చిత్రం మీద బరువైన బ్లర్‌ను సెకనుకు అరవై సార్లు చేస్తూ కూర్చుంటాం.

పరిష్కారం సరిహద్దులో ఉంది. గ్రాఫును మారేవి, మారనివి అని రెండు రంగులు వేయండి. ఇన్‌పుట్ మారితే, విలువ కదిలితే, కాలంపై ఆధారపడితే ఆ నోడూ దాని దిగువన ఉన్నవన్నీ మారేవి అవుతాయి. తానేమో మారకుండా, తనను చదివే నోడ్లలో కనీసం ఒకటి మారేదిగా ఉన్న నోడ్ల ఫలితాలను మాత్రమే పట్టి ఉంచాలి. వాటికి ఎగువన ఉన్న మారని నోడ్ల ఫలితాలను ఎవరూ అడగరు కాబట్టి నిశ్చింతగా కొలనుకు ఇచ్చేయవచ్చు. వాడేవారు ఎగువన ఒక విలువను కదిపిన రోజున ఆ భాగాన్ని ఒకసారి మొదటినుంచి లెక్కించవలసి వస్తుంది, ఆ కొద్దిపాటి ఆలస్యం సమంజసమే. ఒక్క సవరణ చేయాలి: స్లైడర్‌ను ఆపి ఆపి లాగుతున్నప్పుడు రంగులు క్షణక్షణం మారకుండా, ఒక నోడు కొన్ని ఫ్రేముల పాటు కదలకుండా ఉన్నాకే దానిని మారనిదిగా గుర్తించాలి.

కొలతల నియమాన్ని కూడా ఇక్కడే పెట్టుకోండి. ఇన్‌పుట్ ఉన్న నోడు మొదటి ఇన్‌పుట్ కొలతను తీసుకుంటుంది, ఇన్‌పుట్ లేనిది ప్రాజెక్టు కొలతను తీసుకుంటుంది, వాడేవారు చెప్పిన కొలత ఈ రెండింటికన్నా పైది. వచ్చిన కొలతను నోడు మీదే అంకెల్లో చూపించండి. కొలతను స్లైడర్‌తో మార్చే సౌకర్యం ఉంటే వేలు కదిలినంతసేపూ ప్రతి ఫ్రేముకూ ఒక కొత్త కొలత టెక్స్చర్ పుట్టి కొలను నిండిపోతుంది. కొన్ని ఫ్రేములుగా ఎవరూ తీసుకోనివాటిని తొలగించే చిన్న పాకీపని ఇంజిను చేస్తూ ఉండాలి.

అయిదవ అడుగు: ఫీడ్‌బ్యాక్

గత ఫ్రేము ఫలితాన్ని ఈ ఫ్రేములో వాడుకునే ఫీడ్‌బ్యాక్ ఈ తరహా సాఫ్ట్‌వేర్లకు ప్రాణం. గ్రాఫులో వలయం కనిపిస్తే లాగుడు పద్ధతి అంతులేకుండా తిరుగుతుంది, కాబట్టి వలయాన్ని తెంచే ప్రత్యేక నోడు ఉండాలి. ఆ నోడు తనను అడిగినవారికి గత ఫ్రేము టెక్స్చర్‌ను ఇస్తుంది, ఫ్రేము ఆఖరున కొత్తదానిని పట్టి ఉంచి పాతదానిని వదులుతుంది. మొదటి అడుగులో చెప్పిన పట్టి ఉంచమని అడిగే హక్కును నిజంగా వాడుకునే నోడు ఇదే. మామూలు తీగలతో వలయం చేయబోతే సాఫ్ట్‌వేర్ దానిని అక్కడికక్కడే నిరాకరించాలి.

ఇప్పుడు గీస్తున్న టెక్స్చర్‌నే అదే సమయంలో చదివితే ఫలితం ఏమిటన్నది ఓపెన్‌జీఎల్ నిర్వచించదు. ఒక కార్డు మీద సవ్యంగా కనిపించిన బొమ్మ మరో కార్డు మీద మచ్చలతో వస్తుంది. చదివేది ఒకటి, రాసేది మరొకటిగా రెండు టెక్స్చర్లను మార్చుకుంటూ పోవడం తప్ప దారి లేదు.

ఫీడ్‌బ్యాక్‌లో 8 బిట్ల ఫార్మాట్ ఎలా బెడిసికొడుతుందో దగ్గరనుంచి చూద్దాం. కదిలే చుక్క వెనుక తోక క్రమంగా చెరిగిపోవాలని గత ఫ్రేమును 0.98తో గుణిస్తాం. విలువ 200 అయితే 196 అవుతుంది, 100 అయితే 98 అవుతుంది. 24 దగ్గరికి వచ్చేసరికి 24×0.98 అంటే 23.52, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మళ్లీ 24. అంటే 25 కంటే తక్కువైన ఏ విలువా ఎన్ని ఫ్రేములు గడిచినా తగ్గదు. నల్లగా ఉండవలసిన తెర మీద బూడిదరంగు చారలు శాశ్వతంగా మిగిలిపోతాయి. గుణకాన్ని 0.99కు పెంచితే 50 లోపు విలువలన్నీ నిలిచిపోతాయి, అంటే తోక ఎంత మెల్లగా కరగాలని కోరుకుంటే మరక అంత స్పష్టంగా కనిపిస్తుంది. 16 బిట్ల ఫ్లోట్‌లో విలువ చిన్నదయ్యేకొద్దీ మెట్టు కూడా చిన్నదవుతుంది కాబట్టి ఈ దోషం కంటికి కనిపించదు. 8 బిట్లే వాడక తప్పనప్పుడు గుణించడంతోపాటు కొద్దిపాటి స్థిర విలువను తీసివేయాలి.

అదే 0.98కి మరో లోపం ఉంది. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక సెకను తరువాత మిగిలేది 0.98 యొక్క 60వ ఘాతం, అంటే దాదాపు 0.30, యంత్రం నెమ్మదించి 30 ఫ్రేములకు పడిపోతే మిగిలేది దాదాపు 0.55. ఇంట్లో చూసిన తోక వేదిక మీద రెట్టింపు పొడవుగా కనిపిస్తుంది. నోడులో గుణకాన్ని కాక సగానికి తగ్గే కాలాన్ని అడిగి, గడిచిన కాలాన్ని బట్టి గుణకాన్ని ఇంజినే లెక్కించేలా చేయండి.

ఆరవ అడుగు: ఆల్ఫా, రంగులు

తెర మీద నేరుగా గీసినప్పుడు కనిపించని తప్పు టెక్స్చర్‌లోకి గీసినప్పుడు బయటపడుతుంది. పూర్తిగా పారదర్శకంగా తుడిచిన టెక్స్చర్‌లోకి ఆల్ఫా 0.5 ఉన్న తెల్లటి చతురస్రాన్ని అలవాటైన బ్లెండింగ్‌తో గీయండి. మూలాన్ని మూలపు ఆల్ఫాతో గుణించడం ఆ బ్లెండింగ్ స్వభావం కాబట్టి రంగు 0.5 అవుతుంది, ఆల్ఫా కూడా తనతో తానే గుణింపబడి 0.25 అవుతుంది. ఆ టెక్స్చర్‌ను ఇప్పుడు తెల్లటి నేపథ్యం మీద అదే బ్లెండింగ్‌తో పరిస్తే 0.5×0.25 + 1×0.75, అంటే 0.875 వస్తుంది. తెలుపు మీద తెలుపు వేస్తే బూడిదరంగు వచ్చింది.

గ్రాఫిక్స్ పరిశోధకులు పోర్టర్, డఫ్ 1984లో ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం రంగును ముందే ఆల్ఫాతో గుణించి ఉంచితే మూలం 0.5, 0.5, 0.5, 0.5 అవుతుంది. బ్లెండింగ్‌లో మూలానికి గుణకం 1, గమ్యానికి గుణకం మూలపు ఆల్ఫాను 1లోంచి తీసివేయగా మిగిలినది. టెక్స్చర్‌లో 0.5, 0.5, 0.5, 0.5 యథాతథంగా నిలుస్తుంది. తెల్లటి నేపథ్యం మీద 0.5 + 1×0.5, అంటే సరిగ్గా 1. ఎన్ని పొరలు పేర్చినా లెక్క చెడదు, చిన్నది చేసినప్పుడు అంచుల్లో నల్లటి గీతలు రావు. కాబట్టి తీగల్లో నడిచేవన్నీ ముందే గుణించినవే అన్నది వ్యవస్థ నియమంగా ఉండాలి. ఫైళ్లు చదివే నోడు లోపలికి వచ్చేటప్పుడు గుణించాలి, ఫైళ్లు రాసే నోడు బయటికి వెళ్లేటప్పుడు భాగించాలి, రంగులను సరిచేసే నోడ్లు భాగించి, పనిచేసి, తిరిగి గుణించాలి.

రంగుల విషయంలోనూ తర్కం అదే. బ్లర్, కలపడం, చిన్నది చేయడం లాంటి పనులు లీనియర్ విలువల మీద జరగాలి. ఎస్‌ఆర్‌జీబీ ఫైళ్లను ఎస్‌ఆర్‌జీబీ ఫార్మాట్ టెక్స్చర్‌గా ఎక్కిస్తే చదివేటప్పుడు కార్డే మార్చి ఇస్తుంది, తెరకు గీసేటప్పుడు తిరుగు మార్పును ఒక్కచోటే చేయాలి. రెండుచోట్ల చేస్తే బొమ్మ వెలిసిపోయినట్టుంటుంది, ఎక్కడా చేయకపోతే నల్లబడుతుంది.

ఏడవ అడుగు: ప్రధాన మెమరీతో రాకపోకలు

ఎక్కించేటప్పుడు మొదటి గండం వరుసల అమరిక. ఓపెన్‌జీఎల్ ప్రతి వరుసా నాలుగు బైట్ల హద్దు మీద మొదలవుతుందని అప్రమేయంగా ఊహిస్తుంది. 1279×719 కొలత, మూడు చానళ్లు ఉన్న బొమ్మలో వరుసకు 3837 బైట్లు ఉంటాయి. ఓపెన్‌జీఎల్ 3840 అనుకుని చదువుతుంది. తేడా మూడు బైట్లు, అంటే సరిగ్గా ఒక పిక్సెల్. వరుస వరుసకూ ఒక పిక్సెల్ జరుగుతూ బొమ్మ ఏటవాలుగా వాలిపోతుంది, చివర్లో బఫర్ దాటి రెండువేల బైట్లకు పైగా చదవడం వల్ల కార్యక్రమం కూలిపోయే ప్రమాదమూ ఉంది. అమరికను 1కి మార్చడమో, నాలుగు చానళ్లుగా ఎక్కించడమో చేయాలి.

వీడియోను పూర్తి రంగులుగా మార్చి ఎక్కించకండి. రంగుల సమాచారాన్ని తక్కువ వివరంగా దాచే 4:2:0 రూపంలో పిక్సెల్‌కు సగటున ఒకటిన్నర బైట్లే, అంటే 1920×1080 ఫ్రేముకు 31,10,400 బైట్లు. నాలుగు చానళ్లుగా మారిస్తే 82,94,400. వేర్వేరు తలాలుగా ఎక్కించి రంగుల మార్పిడిని షేడర్‌లో చేయండి, ఆ వీడియో రంగుల ప్రమాణాల్లో బీటీ.601 ప్రకారం ఉందా బీటీ.709 ప్రకారం ఉందా అన్నది మాత్రం గమనించండి. చాలా వీడియోలు ఒకేసారి నడిపించాలంటే హాప్ అనే కోడెక్ (వీడియో కుదింపు పద్ధతి) తగినది, దాని ఫ్రేములు గ్రాఫిక్స్ కార్డుకు అర్థమయ్యే కుదింపు రూపంలోనే కార్డుకు చేరతాయి.

వెనక్కి తేవడం అంతకంటే ఖరీదైనది, ఆ ఖరీదు ఎక్కడుందో తెలియక పొరపడేవారు ఎక్కువ. బొమ్మ సగటు రంగు కావాలని, దానిని కార్డు మీదే ఒక్క పిక్సెల్‌కు కుదించి, నాలుగు బైట్లే కదా అని వెంటనే చదువుతారు. చదవమన్న క్షణానికి కార్డు ఇంకా ఎన్నో ఆజ్ఞలు వెనుకబడి ఉంటుంది. అవన్నీ ముగిసేదాకా ప్రాసెసర్ కాచుకుని ఉండాలి. నాలుగు బైట్లకైనా ఎనభై లక్షల బైట్లకైనా ఆ నిరీక్షణ ఒకటే. మార్గం ఏమిటంటే పిక్సెల్ బఫర్‌లోకి చదవమని చెప్పి, ఫెన్స్ వేసి, ఆ ఫెన్స్ దాటాక, అంటే ఒకటి రెండు ఫ్రేముల తరువాత తీసుకోవడం. కొద్ది ఆలస్యం ఉంటుందని నోడు సహాయపుటలో రాయండి. కచ్చితంగా ఈ ఫ్రేముదే కావాలనేవారికి వేచి ఉండే ఎంపికను విడిగా ఇవ్వండి, అప్రమేయంగా కాదు.

మరో సాఫ్ట్‌వేర్‌కు బొమ్మను పంపడానికి వెనక్కి తేవలసిన పనే లేదు. మ్యాక్‌లో సైఫన్, విండోస్‌లో స్పౌట్ టెక్స్చర్‌ను కార్డులోనే పంచుతాయి. పంచుకునే టెక్స్చర్‌ను కొలనులోనిదిగా కాక విడిగా ఉంచి, ఫలితాన్ని దానిలోకి నకలు చేయండి. కొలనుకు తిరిగి వెళ్లిన టెక్స్చర్‌ను అవతలి సాఫ్ట్‌వేర్ ఇంకా చదువుతూ ఉండవచ్చు.

తలకిందుల సమస్యకు ఒక్క మాట చాలు. బొమ్మ ఫైళ్లలో సాధారణంగా మొదటి వరుస పైది, ఓపెన్‌జీఎల్ టెక్స్చర్‌లో మొదటి వరుస కిందది. ఒక దిశను నియమంగా పెట్టుకుని, లోపలికి వచ్చే, బయటికి వెళ్లే నోడ్ల దగ్గర మాత్రమే తిప్పండి. మధ్య నోడ్లలో తిప్పడం మొదలైతే రెండు తిప్పుళ్లు ఒకదానినొకటి కప్పిపుచ్చుకుంటాయి.

ఎనిమిదవ అడుగు: అంచుల నునుపు, ప్రివ్యూలు, పరీక్ష

త్రిమితీయ దృశ్యం గీసే నోడుకు మాత్రమే మల్టీశాంపుల్ (అంచులు నునుపుగా రావడానికి ఒక్కో పిక్సెల్‌లో పలుచోట్ల శాంపుల్ తీయడం) ఇవ్వండి. నాలుగు శాంపుళ్లంటే మెమరీ నాలుగింతలు. గీసిన వెంటనే దానిని మామూలు టెక్స్చర్‌లోకి కుదించి, తీగలో కుదించినదే పంపాలి. పూర్తి తెర షేడర్లకు మల్టీశాంపుల్ వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ షేడర్లను రెండు త్రిభుజాల చతురస్రంతో కాక తెరను మించి పరుచుకునే ఒకే పెద్ద త్రిభుజంతో గీస్తే కర్ణరేఖ వెంట పిక్సెళ్లు రెండుసార్లు లెక్కింపబడవు.

ప్రతి నోడు మీదా చిన్న ప్రివ్యూ చూపించే సాఫ్ట్‌వేర్లలో కొలను లెక్క తారుమారవుతుంది, ఎందుకంటే ప్రివ్యూ కూడా ఒక పాఠకుడే, అదీ ఫ్రేము ఆఖరున వచ్చే పాఠకుడు. అందువల్ల నోడు గీయడం ముగియగానే దాని ఫలితాన్ని అప్పుడే చిన్న టెక్స్చర్‌లోకి కుదించి పెట్టుకోవాలి. 160×90 కొలతలో 8 బిట్లతో ఒక్కో ప్రివ్యూ 57,600 బైట్లే, వందల నోడ్లకైనా భారం కాదు. తెర మీద కనిపించే నోడ్లకే, అదీ కొన్ని ఫ్రేములకోసారి చేస్తే సరిపోతుంది. ప్రివ్యూ కోసం తెరకు చేరని కొమ్మలను లెక్కించాలా వద్దా అన్నది వాడేవారికి వదిలేయండి. నా మొగ్గు వద్దనే వైపు.

దోషం వచ్చిన నోడు నల్లటి బొమ్మ ఇవ్వకూడదు, నలుపు చాలా సందర్భాల్లో సరైన ఫలితమే కాబట్టి. కళ్లకు కొట్టొచ్చే మెజెంటా గళ్లను ఇవ్వండి. ప్రదర్శన జరుగుతున్నప్పుడు మాత్రం చివరి మంచి ఫ్రేమునే చూపించే మరో రీతి ఉండాలి. ఓపెన్‌జీఎల్ 4.3 నుంచి ఆబ్జెక్టులకు పేర్లు పెట్టే సౌకర్యం ఉంది. ప్రతి టెక్స్చర్‌కూ అది ఆ క్షణంలో ఏ నోడు చేతిలో ఉందో ఆ పేరు పెడితే రెండర్‌డాక్ లాంటి పనిముట్టులో ఫ్రేమును విప్పి చూసినప్పుడు వరుస అంతా చదవగలిగేలా ఉంటుంది.

కొలను తప్పులను పట్టడానికి ఒక పరీక్షా రీతిని ఇంజినులోనే పెట్టండి: టెక్స్చర్ కొలనుకు తిరిగి రాగానే దానిని మెజెంటాతో నింపేయాలి. గడువు తీరిన టెక్స్చర్‌ను ఏ నోడు చదువుతున్నా ఆ రంగు వెంటనే తెర మీద కనిపిస్తుంది, తుడవకుండానే గీయడం మొదలుపెట్టే నోడు కూడా అదే రంగుతో దొరికిపోతుంది. కొత్త నోడు ప్రతిదానినీ ఈ రీతిలో, బేసి కొలతల మీద, అంటే 1279×719 లాంటివాటి మీద, ఒక్కో ఇన్‌పుట్‌ను ఒకసారి తెంచి మళ్లీ కలుపుతూ నడిపించి చూసిన తరువాతే విడుదలలో చేర్చండి.